ఉడుత నాటకానికి తీసుకుపోయిన పిల్ల

2018 ఫిబ్రవరి 16, శుక్రవారం. మండల కేంద్రం చిట్యాల బడిలో భోజనాల షెడ్డు. హాజరు: నేను, మా ఆయా, మా సెంటర్ పిల్లలు ఐదుగురు, జాబితాలో లేని పిల్ల ఒకతె, ఆమె తల్లి, సూపర్‌వైజర్ మేడం, మా ఊరి బడి హెడ్‌మాస్టర్ సారు, ఉడుత వేషంలో పక్క ఊరి టీచర్. మిగతా సెంటర్ల వాళ్ళు చాలామంది. లెక్క రాసుకోలేదు.

డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. అంగన్‌వాడీ టీచర్‌గా నేను పనిచేసినన్నాళ్ళూ ఎంతమంది వచ్చారు, ఎవరి బరువు ఎంత, ఎన్ని గుడ్లు ఉడికాయి, అన్నీ రాసేదాన్ని. సెంటర్ రిజిస్టర్లు సెంటర్‌లో ఉండేవి. ఇంటికి వచ్చి డైరీ వేరే రాసేదాన్ని. అలాంటిదాన్ని ఆ రోజు జనాన్ని లెక్కపెట్టలేదంటే నా మనసు సరిగ్గా లేదన్నమాట. ఎందుకు సరిగ్గా లేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన చెల్లెళ్ళు నన్ను అనుభవాలు చెప్పమని అడుగుతుంటారు. మంచివి చాలామంది చెప్తారు. నేను ఇది చెప్తాను.

మా సెంటర్ బడి ఆవరణలోనే ఒక గది. జాబితాలో లేని పిల్ల అన్నాను కదా, ఆ పిల్ల మూడేళ్ళప్పుడు మా దగ్గరికి వచ్చింది. తండ్రి లారీ మీద పోతాడు, నెలకోసారి కనిపిస్తాడు. తల్లి కూలికి పోతుంది. పిల్ల అన్నం తినేది, ఆడుకునేది, చెప్పిన పని చేసేది. మాట్లాడేది మాత్రం కాదు. దవాఖానలో చెవులు చూపించారు, బాగానే ఉన్నాయన్నారు. తల్లి ఎవరు అడిగినా ఒకటే మాట అనేది: "ఇంట్ల నాతోని మాట్లాడతది. కొత్తోళ్ళ ముందట నోరు తెరవది, గంతే." తల్లులందరూ అలాగే అంటారని మేము నవ్వి ఊరుకునేవాళ్ళం.

సెంటర్‌లో ఒక బొమ్మల పుస్తకం ఉండేది. ఒక ఉడుత పల్లికాయ దాచుకుని ఎక్కడ పెట్టిందో మరిచిపోతుంది. చీమలు దాన్ని లాక్కుపోతాయి, కోడి తన్నేస్తుంది, గాలికి దొర్లిపోతుంది. ఉడుత ప్రతి పేజీలోనూ వెతుకుతుంది. చూసే పిల్లలకు పల్లికాయ కనిపిస్తూనే ఉంటుంది, ఉడుతకు మాత్రం కనిపించదు. చివరికి అది బోర్లించిన కుండ కింద ఉంటుంది. పుస్తకంలో మాటలు ఎక్కువ లేవు. నేను చదువుతుంటే పిల్లలు వేళ్ళతో చూపించేవాళ్ళు. ఈ పిల్ల కూడా వేలితోనే చూపించేది.

2017 నవంబర్ 9, గురువారం. మిగతా పిల్లలు నిద్రపోతున్నారు. ఈ పిల్ల పుస్తకం తెచ్చి నా ఒడిలో పెట్టింది. ఉడుత ఏడుస్తున్న పేజీ దగ్గరికి రాగానే రెండు చేతులతో నా తల వంచి, చెవిలో "కుండ కింద" అంది.

ఊపిరి వేడిగా తగిలింది. నేను కదలలేదు. కదిలితే మళ్ళీ చెప్పదేమోనని భయం. ఆ రోజు నుంచి రోజుకోసారి, ఒక్కోరోజు రెండుసార్లు నా చెవిలో చెప్పేది. "నీళ్ళు." "బయటికి." "పిల్లి వచ్చింది." ప్రతి మాటనూ తేదీ వేసి డైరీలో రాసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

మా ఆయా గమనించింది. ఆమె దగ్గర ఏదీ దాగదు. ఒకరోజు పప్పు కలుపుతూ అడిగింది.

"గా పిల్ల నీ చెవుల ఏం చెప్తది టీచరమ్మా?"

"ఏం చెప్తది? ఊరికే ముద్దు పెట్టుకుంటది."

"గంతసేపు ముద్దా? నా మనుమడు ముద్దు పెడితె తుడుసుకునుడు తప్ప ఏం ఉండది. నీ మొఖం మాత్రం పున్నమి చంద్రుని లెక్క అయితది."

"నీ పప్పు మాడుతున్నది చూసుకో," అన్నాను.

ఇంక పక్క ఊరి టీచర్ గురించి చెప్పాలి. ఆమె వయసు నా నౌకరీ వయసు కన్నా తక్కువ. డిగ్రీ చదివింది. స్కూటీ మీద వచ్చేది. ఆమె సెంటర్ గోడల మీద ఏనుగులు, నెమళ్ళు ఆమే గీసింది. నెలకోసారి చుట్టుపక్కల సెంటర్ల టీచర్లందరినీ సూపర్‌వైజర్ మేడం కూర్చోబెట్టి మీటింగ్ పెట్టేది. అంతకుముందు ఆ మీటింగుల్లో మేడం అందరికీ నా రిజిస్టర్లు చూపించి "ఇట్లా రాయాలె" అనేది. ఆ అమ్మాయి వచ్చాక ఫోన్‌లో ఆమె పిల్లల పాటలు చూపించడం మొదలైంది. నా రిజిస్టర్లు సంచిలోంచి బయటికి రావడం మానేశాయి. ఆమె నాకు ఏ చెడూ చేయలేదు. నన్ను "అక్కా" అని పిలిచేది, కుర్చీ జరిపి కూర్చోబెట్టేది. ఆ కుర్చీ జరపడం కూడా నాకు నచ్చేది కాదు. నన్ను ముసలిదాన్ని చేస్తోందనుకునేదాన్ని.

మా గదిలో జరిగిన డిసెంబర్ మీటింగ్‌కు మా బడి హెడ్‌మాస్టర్ కూడా వచ్చారు. జూన్‌లో ఒకటో తరగతికి వచ్చే పిల్లల కార్డులు చూస్తున్నారు. ఈ పిల్ల కార్డు దగ్గర ఆగారు. తల్లిని పిలిపించారు. ఆమె చీర చెంగుకు పత్తి అంటుకుని ఉండగానే చేను నుంచి పరుగున వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది.

"ఐదేండ్లు నిండుతున్నయ్. మాట లేదు. బళ్ళె ఎట్ల కూసోబెట్టాలమ్మా?" అన్నారు సారు. "మాట రాని పిల్లలకు హైదరాబాద్‌ల హాస్టల్ బడి ఉన్నది. కాగితం పెడితే జాగా దొరుకుతది."

"సారూ, నా బిడ్డ మాట్లాడతది. ఇంట్ల ముచ్చట్లు పెడతది. హాస్టల్‌ల ఏస్తే ఉన్న మాట గూడ పోతది."

సారు నవ్వారు. మేడం కూడా నవ్వింది. చెడ్డగా కాదు, జాలిగా. తర్వాత మేడం నా వైపు తిరిగింది. "మీరు రోజూ చూస్తున్నరు కదా. ఒక్క మాటైనా విన్నారా?"

నేను జవాబు చెప్పేలోపే పక్క ఊరి టీచర్ అంది: "అక్కా, ఒక్క వారం నా సెంటర్‌కు పంపు. నేను కూసోబెట్టుకుంట. మాట్లాడిపిస్త, చూడు."

ఆ మాట రాకపోయి ఉంటే నేను నిజం చెప్పేదాన్నేమో. తెలియదు. వచ్చింది కాబట్టి, "లేదు మేడం. ఎవరితోనూ మాట్లాడదు," అన్నాను. కార్డు మీద కూడా అదే రాశాను. నా అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చాయి.

తల్లి నన్నే చూసింది. చేనుకు వెళ్ళిపోయింది.

ఆ రాత్రి డైరీలో ఇలా సమర్థించుకున్నాను: చెవిలో గుసగుస మాట కింద రాదు, ఇంకా కొన్నాళ్ళు నా దగ్గర ఉంటే పూర్తిగా వస్తుంది, అప్పుడు చెప్దాం. చక్కగా, వరుసగా కారణాలు రాశాను. అసలు కారణం మాత్రం రాయలేదు. ఆ పిల్ల ప్రపంచంలో తల్లి తర్వాత నా ఒక్కదాని చెవిలోనే మాట్లాడుతుంది. అందులో ఇంకొకరికి వాటా ఇవ్వడం నాకు ఇష్టం లేదు.

జనవరిలో ఆ అమ్మాయి స్కూటీ మా గది ముందు ఆగింది. మా పిల్లలు సగం తిన్న గుడ్లు వదిలేసి బయటికి ఉరికారు.

"అక్కా, నీ దగ్గరున్న ఉడుత పుస్తకాన్ని నాటకం చేస్త. మండలంల అన్ని సెంటర్ల పిల్లలను పిలుద్దామన్నది మేడం. ఓ పది రోజులు ఇస్తవా?"

"మా పిల్లలకు రోజూ చదువుతున్నమ్మా. ఇయ్యలేను."

"సరే తీయ్," అంది. అక్కడే చాప మీద కూర్చుని ఫోన్‌తో ప్రతి పేజీనీ ఫోటో తీసుకుంది. నేను ఇవ్వనన్న పుస్తకం ఐదు నిమిషాల్లో ఆమె చేతికి పోయింది. తర్వాత చున్నీని మెలిపెట్టి వెనకకు దోపుకుంది. తోక అన్నమాట. మోకాళ్ళ మీద గెంతుతూ గది అంతా వెతికింది. మూలన కూర్చున్న ఈ పిల్ల నవ్వింది. గట్టిగా, గొంతు వినిపించేలా నవ్వింది. రెండు నెలల గుసగుసల్లో నేను ఆ నవ్వు వినలేదు.

ఆమె వెళ్ళాక ఆయా అంది: "మనం గుడ్లు ఉడకబెట్టేటోళ్ళం టీచరమ్మా. గామె సినిమా తీసేటామె."

"తోక పెట్టుకున్నంత మాత్రాన టీచర్ అయితదా?"

"నువ్వూ పెట్టుకో. ఎవలు వద్దన్నరు?"

నాటకానికి ఒక్కో సెంటర్ నుంచి ఐదుగురు పిల్లలను తీసుకురమ్మన్నారు. నేను ఐదు పేర్లు రాశాను. ఈ పిల్ల పేరు రాయలేదు. జనంలో భయపడుతుందని కారణం రాశాను. ఫిబ్రవరి 16 పొద్దున ఆటో వచ్చింది. జాబితా చూసి పిల్లలను ఎక్కించాను. తీరా కూర్చున్నాక చూస్తే ఆయా ఒడిలో ఈ పిల్ల ఉంది, తల దువ్వి, బొట్టు పెట్టి.

"జాబితాలో లేదు కదా," అన్నాను.

"నాకు సదువు రాదు టీచరమ్మా. జాబితా నాకేం ఎరుక?" అని ఆటో అతన్ని తోలమంది.

ఆ రోజే ఇంకో పని కూడా ఉంది. హాస్టల్ బడి కాగితం సిద్ధమైంది. సారు, మేడం ఇద్దరూ అక్కడే ఉంటారు కాబట్టి నాటకం అయ్యాక తల్లి వచ్చి వేలిముద్ర వేయాలి, మాట రాదని నేను సంతకం పెట్టాలి. నా సంచిలో పెన్ను ఉంది. హైవే మీద లారీల పక్కన ఆటో పోతుంటే పిల్ల నా ఒడిలోకి మారి, చెవిలో "లారీ" అంది. నేను తల ఊపాను.

షెడ్డులో ఒక చివర బల్లలు కలిపి స్టేజీ చేశారు. పాత చీరలతో తెరలు కట్టారు. పెద్ద అట్టతో కోడి, అట్టలకే నల్ల రంగు వేసి చీమలు. మధ్యలో నిజమైన మట్టికుండ బోర్లించి ఉంది. పిల్లలందరూ చూస్తుండగా చీమ వేషం వేసిన పిల్లవాడు పల్లికాయను కుండ కింద దాచి పోయాడు. నేను తప్పులు వెతుకుతూ కూర్చున్నాను. పుస్తకంలో కోడి ఎర్రది, ఇక్కడ పసుపుది. పుస్తకంలో గాలికి మాటల్లేవు, ఇక్కడ పాట పెట్టింది. అవన్నీ మనసులో రాసుకుంటున్నాను. కానీ ఉడుత వచ్చేసరికి పిల్లలంతా ఒక్కసారి మోకాళ్ళ మీద లేచారు. అంత బాగా చేసింది. చెప్పక తప్పదు, బాగా చేసింది.

ఉడుత కుండ పక్కనే కూర్చుని ఏడవడం మొదలుపెట్టింది. ఒడిలో పిల్ల నా తల వంచుకుంది.

"కుండ కింద," అంది చెవిలో.

నేను తల ఊపాను. నా మనసు చల్లబడింది. ఇంతమంది మధ్య కూడా నా చెవినే వెతుక్కుంది అనుకున్నాను.

ఉడుత ఇంకా ఏడుస్తోంది. పిల్ల మళ్ళీ నా తల వంచింది, ఈసారి గట్టిగా. "కుండ కింద."

మళ్ళీ తల ఊపాను.

పిల్ల వెనక్కి జరిగి నా మొహంలోకి చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. కోపం కాదు. నీకు చెప్పాను కదా, నువ్వు ఆమెకు ఎందుకు చెప్పవు అన్నట్టు చూసింది. నాకు చెప్పి లాభం లేదని ఆ క్షణంలో ఆమెకు అర్థమైంది. నా ఒడిలోంచి దిగి, ముందు వరుస పిల్లల భుజాల మీద చేతులు పెట్టి నిలబడి, షెడ్డు రేకులు మోగేలా అరిచింది:

"గాడుంది! గా కుండ కింద ఉంది! ఏడ్వకు!"

సారు, మేడం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. స్టేజీ మీద ఉడుత ఏడుపు ఆపింది. తోక ఊపుకుంటూ బల్ల అంచు దాకా వచ్చి, "యాడ బిడ్డా? మల్ల చెప్పు, నాకు వినపడలే," అంది. పిల్ల మళ్ళీ చెప్పింది. మళ్ళీ, మళ్ళీ చెప్పింది. నాలుగోసారికి పిల్లలందరూ కలిసి అరుస్తున్నారు. మూడు నెలలు నేను ఒక్కదాన్నే విన్న మాట చిట్యాల షెడ్డులో అందరి నోళ్ళలో ఉంది.

మా ఆయా కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను తుడుచుకోలేదు. నా ఒడి ఖాళీగా ఉంది. నాకు ఏడుపు రాలేదు, మంట వచ్చింది. ఇది దాచితే ఇది రాయడం దండగ.

నాటకం అయ్యాక అందరూ ఆ అమ్మాయి చుట్టూ చేరారు. ఈ పిల్ల ఆమె తోక పట్టుకుని వదలడం లేదు.

"ఒక్క నాటకంతోని మాట తెప్పిచ్చినవమ్మా!" అన్నారు హెడ్‌మాస్టర్.

"నేనేం చేసిన సార్? కథ అక్క చెప్పిందే. పిల్లకు అంతా ముందుగాల్నే ఎరుక."

ఆమె మంచితనం కూడా నాకు మంటగానే తగిలింది.

తల్లి అప్పుడే జనాన్ని తోసుకుంటూ వచ్చింది. తలుపు దగ్గర నుంచే కూతురి గొంతు విన్నదట. "చెప్పిన గద సారూ! మాట్లాడతదని చెప్పిన గదా!"

"ఇయ్యాల మాట్లాడిందమ్మా. మొన్నటిదాక లేదు. మీ టీచరే రాసింది," అన్నారు సారు. తర్వాత కొంచెం ఆలోచించి అన్నారు: "ఒక్కనాడు అరిచిందని నేను చేర్చుకోలేను. రేపు బళ్ళె మల్ల మూగగ కూసుంటే? కాగితం ఇప్పటికైతే ఆపుదాం. ఎన్నడి నుంచి మాట్లాడుతున్నది, ఎన్నిమాట్ల మాట్లాడింది, టీచర్ రాసియ్యాలె. రాయడానికి ఏం లేకపోతే హాస్టలే."

తల్లి నా వైపు చూసింది. అప్పుడు కూడా నేను నోరు తెరవలేదు. ఆటోలో తిరిగి వస్తుంటే ఆయా నాతో మాట్లాడలేదు. నోరు మూసుకునే అలవాటు లేని మనిషి ఊరికే రోడ్డు చూస్తూ కూర్చుంది.

ఇంటికి వచ్చి డైరీ తెరిచాను. నవంబర్ 9 నుంచి అన్నీ ఉన్నాయి. తేదీ, సమయం, మాట. రాసి ఇవ్వడానికి ఏమీ లేకపోవడం కాదు, అంతా ఉంది. అది ఇస్తే డిసెంబర్ కార్డు మీద నేను రాసింది అబద్ధమని తేలుతుంది. ఇవ్వకపోతే పిల్ల హాస్టల్‌కు పోతుంది. దీపం పెట్టే వేళకు కూర్చుని తెల్ల కాగితాల మీద మొదటి తేదీ నుంచి ఎత్తి రాశాను. చివర డిసెంబర్‌లో నేను చెప్పింది నిజం కాదని కూడా రాసి సంతకం పెట్టాను.

మర్నాడు పొద్దున్నే, కూలి ట్రాక్టర్ రాకముందే, ఆ పిల్ల ఇంటికి వెళ్ళాను. తల్లి గడపలో కూర్చుని కూతురికి జడ వేస్తోంది.

"నీ బిడ్డ నాతోని మాట్లాడుతున్నది, నవంబర్ నుంచే," అన్నాను. "అది రాసి తెచ్చిన. సారుకు ఇచ్చే ముందట నీకు చెప్పాలని వచ్చిన."

ఆమె చేతులు ఆగలేదు. "సదువు," అంది.

అంతా చదివాను. నీళ్ళు, బయటికి, పిల్లి వచ్చింది, లారీ. డిసెంబర్ సంగతి కూడా చదివాను.

"మల్ల సదువు."

మళ్ళీ చదివాను. ఆమె జడ చివర రిబ్బన్ కట్టి తల ఎత్తింది.

"సారు, మేడం నన్ను చూసి నవ్విన నాడు నువ్వు గాడనే కూసున్నవు గదక్కా?"

"కూసున్న."

"ఎందుకు చెప్పలే?"

ఇరవై కారణాలు రాసుకున్నదాన్ని. ఆమె ముందు ఒక్కటే వచ్చింది. "నాతో ఒక్కదానితోనే మాట్లాడాలనుకున్న."

"నాతోని గూడ మాట్లాడతది," అంది ఆమె. "నేను ఎవ్వలకు దాచిపెట్టలే."

ట్రాక్టర్ హారన్ వినిపించింది. ఆమె లేచి, కొడవలి సంచిలో వేసుకుని, పిల్లను నా వైపు నెట్టి వెళ్ళిపోయింది. మా ఊళ్ళో ఏ గడపలోనూ నన్ను మంచినీళ్ళు ఇవ్వకుండా పంపలేదు. ఆ రోజు ఇవ్వలేదు, నేను అడగలేదు.

బడికి పోయి కాగితాలు హెడ్‌మాస్టర్ ముందు పెట్టాను. ఆయన చివరి దాకా చదివి కళ్ళద్దాలు తీశారు.

"ఇది పైకి పోతే నీకు మెమో వస్తది టీచరమ్మా."

"రానీయండి సార్."

ఆయన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నారు. బీరువాలోంచి జూన్‌లో చేరే పిల్లల జాబితా తీసి, చివర ఆ పిల్ల పేరు రాశారు. రాసేదాకా నేను నిలబడే ఉన్నాను.

మా గది ముందు ఆయా ఊడుస్తోంది. పిల్ల నా చెయ్యి వదిలించుకుని ఆమె దగ్గరికి ఉరికి, ఊరంతా వినిపించేలా అడిగింది: "ఉడుత టీచర్ మల్ల ఎప్పుడొస్తది?"

ఆయా చీపురు పట్టుకునే నా మొహం చూసింది.

"ఫోన్ చేస్త ఉండు," అన్నాను.

చేశాను. ఆమె ఎత్తలేదు. ఒక్క క్షణం నాకు సంతోషం వేసింది. తర్వాత మళ్ళీ చేశాను.